స్ప్రే డ్రోన్ లైపో ప్యాక్‌లు 150 సైకిళ్లకే ఎందుకు ఉబ్బుతున్నాయి?

ముందు ఒక పని చేయండి. ఉబ్బిన రెండు ప్యాక్‌లు ఇంట్లో మంచం కింద పెట్టానని ప్రశ్నలో రాశారు. ఈ జవాబు తర్వాత చదువుకోవచ్చు, లేచి వాటిని బయట పెట్టి రండి. చుట్టుపక్కల కాలే వస్తువు ఉండకూడదు, ఎండ పడకూడదు, అడుగున ఇసుక పోసిన పాత ఇనప డబ్బాలో పెట్టండి, మూత మాత్రం బిగించొద్దు. సూదితో గుచ్చి గాలి తీసేద్దామన్న ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి.

ఇక మీ ప్రశ్న. 10 లీటర్ల డ్రోన్, 16000 మిల్లీ ఆంపియర్ అవర్ల 6ఎస్ (ఆరు సెల్స్ వరసగా కలిపిన) ప్యాక్‌లు రెండేసి సిరీస్‌లో, మొత్తం మూడు సెట్లు. మిరప సీజన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద జనరేటర్ పెట్టుకుని చార్జింగ్. అమ్మినవాళ్లు 300 సైకిళ్లు (ఒకసారి నింపి వాడేస్తే ఒక సైకిల్) వస్తాయన్నారు, 150 దాటేసరికి రెండు ఉబ్బాయి, మిగతావి సగం ట్యాంకుకే లో వోల్టేజ్ అని కూస్తున్నాయి. నకిలీ సరుకా, నా వాడకంలో తప్పా, లైపో అంటే లిథియం పాలిమర్ కదా, అసలు ఇందులో పాలిమర్ ఉందా అన్నారు. నేను పద్నాలుగేళ్లు పౌచ్ సెల్స్, అంటే ఇలాంటి సంచి సెల్స్ తయారీలో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం సైక్లింగ్ టెస్ట్ గదిలోనే గడిచింది, చచ్చిన సెల్స్ కోసి చూడటం నా రోజువారీ పని. నా అంచనా చెప్పేస్తా: సరుకు నకిలీ కాకపోవచ్చు. మీరు మూడు సెట్లతో నడపడమే అసలు జబ్బు. ఎందుకో తెలియాలంటే సెల్ లోపలికి వెళ్లాలి, కాస్త ఓపిక పట్టండి.

పాలిమర్ సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న ముచ్చటే. 1973లో షెఫీల్డ్‌లో పీటర్ రైట్, ఆయన తోటివాళ్లు పాలీఇథిలిన్ ఆక్సైడ్ అనే ప్లాస్టిక్‌లో ఉప్పులు కరుగుతాయని చూపించారు. దాన్నే బ్యాటరీలో ఎలక్ట్రోలైట్‌గా, అంటే అయాన్లు నడిచే దారిగా వాడొచ్చన్నది ఆ దశాబ్దం చివర్లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ ఆర్మాండ్ ఆలోచన. చుక్క ద్రవం లేకుండా, ఒక వైపు లిథియం లోహపు రేకు, మధ్యలో ప్లాస్టిక్ పొర. నిజమైన లిథియం పాలిమర్ అంటే అదీ. కష్టం ఎక్కడంటే, ఆ ప్లాస్టిక్ సుమారు 65 డిగ్రీల దగ్గర మెత్తబడితే తప్ప లిథియం అయాన్లు అందులో సరిగ్గా కదలవు. 2011 చివర్లో పారిస్‌లో ఆటోలిబ్ అని అద్దె కార్ల సర్వీసు మొదలైంది, బొలొరే కంపెనీ కార్లు. వాటిలో ఉన్నది ఈ రకం బ్యాటరీయే, దాన్ని ఎప్పుడూ 60 నుంచి 80 డిగ్రీల వేడి మీద ఉంచాలి, బండి ఆగి ఉన్నా సరే ప్లగ్‌కు తగిలించి వెచ్చగా పెట్టాల్సిందే. మీ డ్రోన్‌లో ఉన్నది అది కాదు. మామూలు లిథియం అయాన్ సెల్‌నే స్టీలు డబ్బాకు బదులు అల్యూమినియం పొర ఉన్న సంచిలో పెట్టి సీలు వేశారు. కొన్నిటిలో జెల్ కొంచెం ఉంటుంది, చాలావాటిలో ఉండేది ద్రవమే. పేరు మిగిలిపోయింది, అంతే. కాబట్టి 'ఒరిజినల్ పాలిమర్' అని ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి.

సంచి కోస్తే లోపల పూతరేకుల్లాగా పొరల మీద పొరలు. సుమారు పది మైక్రాన్ల రాగి రేకు, దానికి రెండు వైపులా గ్రాఫైట్ పూత, ఇది ఆనోడ్. అల్యూమినియం రేకు మీద కోబాల్ట్ ఆక్సైడో, నికెల్ మాంగనీస్ కోబాల్ట్ కలిసిన ఆక్సైడో పూత, ఇది కాథోడ్. మధ్యలో ఈ రెండూ తగలకుండా సెపరేటర్ అనే పల్చటి పొర. చార్జ్ చేస్తే లిథియం కాథోడ్ నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల మధ్యకు దూరుతుంది, ఎగిరేటప్పుడు మళ్లీ వెనక్కి పోతుంది. గ్రాఫైట్‌లో ఆరు కార్బన్లకు ఒక లిథియం చొప్పున నిండితే ఫుల్ అయినట్టు. అప్పటికి గ్రాఫైట్ దాదాపు పది శాతం ఉబ్బుతుంది, దిగితే మళ్లీ తగ్గుతుంది. అంటే ప్రతి ఫ్లైట్‌కూ ఆనోడ్ ఒకసారి ఊపిరి పీల్చి వదులుతోంది. రంగు కూడా మారుతుంది, నలుపు నుంచి ముదురు నీలం, తర్వాత ఎర్రటి రాగి రంగు, పూర్తిగా నిండాక అచ్చం బంగారం. మొదటిసారి గ్లవ్ బాక్స్‌లో (గాలి తగలకుండా చేతులు దూర్చి పనిచేసే పెట్టె) ఫుల్ చార్జ్ సెల్ విప్పినప్పుడు ఆ బంగారు రేకు చూసి నేను పని ఆపేసి కాసేపు అలాగే ఉండిపోయాను.

అసలు కథంతా ఈ గ్రాఫైట్ పైనే నడుస్తుంది. చార్జ్ అయిన గ్రాఫైట్ వోల్టేజ్ లిథియం లోహానికి పదో వంతు వోల్టు పైన ఉంటుంది, అంతే. ఆ వోల్టేజ్ దగ్గర ఏ ఎలక్ట్రోలైట్ ద్రవమూ నిలవదు, విరిగిపోతుంది. విరిగినది గ్రాఫైట్ మీద పల్చటి పొరగా పేరుకుంటుంది, దాన్ని ఎస్‌ఈఐ అంటారు. అది ఒకసారి ఏర్పడితే ద్రవాన్ని గ్రాఫైట్‌కు తగలనివ్వదు, లిథియాన్ని మాత్రం పోనిస్తుంది. కాచిన పాల మీద మీగడ అనుకోండి. మీగడ ఉన్నంతసేపు కింద పాలు కుదురుగా ఉంటాయి, చెంచాతో చీలిస్తే ఆ సందులో మళ్లీ కడుతుంది, కట్టిన ప్రతిసారీ పాలు కాస్త తగ్గుతాయి. ఇక్కడ తగ్గేది లిథియం. ఫ్యాక్టరీలో మొదటి చార్జ్‌కే ఐదు నుంచి పది శాతం లిథియం ఈ పొరకు పోతుంది, దాన్ని లెక్కలో వేసుకునే సెల్ కడతారు. ఆ తర్వాత ఆనోడ్ ఉబ్బి తగ్గిన ప్రతిసారీ పొర కొంచెం పగులుతుంది, కొంచెం అతుక్కుంటుంది. వేడిలో పొర కరిగి మళ్లీ పెరుగుతుంది. సెల్‌లో లిథియం పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే, బయటి నుంచి కొత్తగా వచ్చేది గ్రాము కూడా లేదు.

ఇది ఎంత తేడా చేస్తుందో చూడండి. చార్జ్‌లో వెళ్లిన దాంట్లో డిశ్చార్జ్‌లో ఎంత తిరిగొచ్చింది అన్న నిష్పత్తిని కూలంబిక్ ఎఫిషియెన్సీ అంటారు. 99.9 శాతం అంటే వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. క్యాలిక్యులేటర్ తీసి 0.999ని 300 సార్లు గుణించండి, 0.74 వస్తుంది. అంటే పోయిన ప్రతి వంతూ లిథియం నష్టమే అనుకుంటే 300 ఫ్లైట్లకు నాలుగో వంతు కెపాసిటీ గల్లంతు. అదే 99.98 అయితే 0.94. పైకి ఒకేలా కనిపించే రెండు సెల్స్‌లో ఒకటి రెండేళ్లు, ఇంకోటి ఒక సీజన్ నడవడానికి తేడా ఆ రెండో దశాంశంలో ఉంటుంది. కెనడాలో డల్‌హౌసీ యూనివర్సిటీ జెఫ్ డాన్ బృందం ఈ అంకెను అంత సూక్ష్మంగా కొలవడానికి ప్రత్యేకంగా పరికరాలే కట్టుకుంది. ఆ దశాంశాన్ని కిందికి లాగేవి ఏమిటంటే వేడి, ఫుల్ చార్జ్‌లో గడిపిన సమయం, తొందరపాటు చార్జింగ్. మీ గట్టు మీద మూడూ ఉన్నాయి.

తొందరపాటు చార్జింగ్ గురించి విడిగా చెప్పాలి. గ్రాఫైట్ లిథియం లోహానికి పదో వంతు వోల్టు దూరంలోనే ఉందన్నాను కదా. కరెంటు ఎక్కువ తోస్తే లిథియం పొరల్లోకి దూరే వేగం చాలదు, గుమ్మం దగ్గర జనం తోసుకున్నట్టు పైనే పోగవుతుంది, ఆ పదో వంతు కాస్తా హరించుకుపోయి లిథియం లోహంగా గ్రాఫైట్ మీదే పేరుకుంటుంది. దీన్ని ప్లేటింగ్ అంటారు. అందులో కొంత తిరిగి కరుగుతుంది, మిగిలింది బూడిద రంగు నాచులా ఉండిపోయి ఎలక్ట్రోలైట్‌తో మళ్లీ మళ్లీ రియాక్ట్ అవుతుంది. చార్జ్ 80 శాతం దాటాక గ్రాఫైట్‌లో ఖాళీలు తక్కువ కాబట్టి అక్కడ ముప్పు ఎక్కువ. చలిలో ఇంకా ఎక్కువ. ఆదిలాబాద్ వైపు నుంచి ఒక కుర్రాడు జనవరిలో ప్యాక్‌లు పోయాయని వచ్చాడు, వేసవంతా బాగానే ఉన్నాయట. తెల్లవారుజామున ఏడెనిమిది డిగ్రీల చలిలో, రాత్రంతా బండిలో ఉన్న ప్యాక్‌ను తీసి నేరుగా 2సితో చార్జ్ పెట్టేవాడు (1సి అంటే గంటలో నిండేంత కరెంటు, 2సి అంటే అరగంటలో). వేడికి చావలేదు, చలికి చచ్చాయి.

అలాంటి ప్యాక్ ఒకటి పూర్తిగా డిశ్చార్జ్ చేసి విప్పాం. ఖాళీ సెల్ కాబట్టి ఆనోడ్ మొత్తం నల్లగా ఉండాలి. అక్కడక్కడా గోరంత బంగారు మచ్చలు ఉన్నాయి, అంటే అక్కడి గ్రాఫైట్‌కు రాగి రేకుతో లింకు తెగిపోయి లిథియం లోపలే ఇరుక్కుంది. కరెంటు బయటికి తెచ్చే ట్యాబ్ దగ్గర, అంచుల వెంబడి బూడిద రంగు. మధ్యలో గ్యాస్ బుడగ నిలిచిన చోట గుండ్రంగా ఒక మచ్చ, దాని చుట్టూ ఉంగరంలా ప్లేటింగ్. ఈ ఉంగరమే మీ ఉబ్బిన ప్యాక్‌లకు కూడా సమాధానం అనుకుంటున్నా.

గ్యాస్ ఎక్కడిదంటే, రెండు వైపుల నుంచీ. ఆనోడ్ మీద పొర కట్టినప్పుడల్లా ఇథిలిన్ లాంటి గ్యాస్ కొంత వస్తుంది. ఫ్యాక్టరీలో మొదటి చార్జ్‌కు వచ్చే గ్యాస్ కోసం సంచి పక్కన ఖాళీ జేబు ఒకటి వదులుతారు, గ్యాస్ అందులోకి లాగి, ఆ జేబు కోసేసి మళ్లీ సీలు వేస్తారు. ఆ తర్వాత పుట్టే గ్యాస్‌కు దారి లేదు. కాథోడ్ వైపు 4.2 వోల్టుల దగ్గర, అదీ వేడిగా ఉన్నప్పుడు, ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కాథోడ్ లోంచి లోహపు అయాన్లు కూడా కొద్దికొద్దిగా కరిగి అవతలికి ఈది ఆనోడ్ మీద పొరను పాడు చేస్తాయి, అంటే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుంటుంది. గ్యాస్ వచ్చాక పొరలు విడిపోతాయి. విడిపోయిన చోట అయాన్లు పోలేవు, ఆ పనంతా చుట్టుపక్కల భాగం మీద పడుతుంది, అక్కడ కరెంటు ఎక్కువై ప్లేటింగ్, దానివల్ల ఇంకొంచెం గ్యాస్. అందుకే ఉబ్బు మొదలైన ప్యాక్ నెలల తరబడి మెల్లగా చావదు, పదిహేను ఇరవై ఫ్లైట్లలో జారిపోతుంది. స్టీలు డబ్బా సెల్స్‌లో పొరలను గట్టిగా పట్టి ఉంచే గోడ ఉంటుంది, సంచికి ఆ బలం లేదు. మంచి ప్యాక్‌ల చుట్టూ గట్టి కేసు, మధ్యలో ఫోమ్ ఉండేది అందుకే, అందం కోసం కాదు.

ఇప్పుడు మీ లో వోల్టేజ్ కూతలు. నిండు ట్యాంకుతో ఎగిరే డ్రోన్ 90 ఆంపియర్లు లాగుతోంది అనుకుందాం. కొత్త సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ (లోపలి నిరోధం) ఒక మిల్లీ ఓమ్ ఉంటే సెల్‌కు 0.09 వోల్టు పడిపోతుంది, వేడి 8 వాట్లు. పొర మందమై, ద్రవం తగ్గి అది రెండున్నర మిల్లీ ఓమ్‌లకు వస్తే 0.22 వోల్టు పడుతుంది, వేడి 20 వాట్లు. పన్నెండు సెల్స్‌కు 240 వాట్లు, అంటే ఇంట్లో మూడు ఫ్యాన్లకు సరిపడా కరెంటు ప్యాక్ లోపలే కుంపటి అయి కూర్చుంది. కెపాసిటీ ఇంకా 85 శాతం ఉండొచ్చు, నిదానంగా డిశ్చార్జ్ చేసి చూస్తే ప్యాక్ బాగానే ఉందనిపిస్తుంది, డ్రోన్‌కు మాత్రం పనికిరాదు. చాలామంది ఇక్కడే చార్జర్ చూపించిన మిల్లీ ఆంపియర్ల లెక్క చూసి మోసపోతారు. డ్రోన్ ప్యాక్‌కు ముందు పోయేది కెపాసిటీ కాదు, రెసిస్టెన్స్.

సరే, ఇప్పుడు మీ మూడు సెట్ల లెక్కకు వద్దాం. ఒక ఫ్లైట్ తొమ్మిది నిమిషాలు, మందు నింపి బ్యాటరీ మార్చడానికి మూడు. మూడు సెట్లు తిరిగితే ఒక్కో సెట్‌కు 36 నిమిషాలకోసారి వంతు వస్తుంది, ఎగరడం, మార్చడం పోను చేతిలో ఉన్నది 24 నిమిషాలు. ఖర్చయిన 80 శాతం ఆ 24 నిమిషాల్లో ఎక్కాలంటే ఆపకుండా 2సితో తోయాలి. చల్లారే టైమ్ సున్నా. దిగినప్పుడు 55 డిగ్రీలు ఉన్న ప్యాక్ అదే వేడితో చార్జర్‌కు, అక్కడ ఇంకా వేడెక్కి 4.2 వోల్టులతో మళ్లీ గాల్లోకి. గుంటూరు వైపు ఎండలో అయితే చెప్పక్కర్లేదు. ఆ 150 సైకిళ్లు అసలు 150 కావు, అన్నీ కలిపి ఒకటే పెద్ద జ్వరం. అమ్మినవాళ్లు చెప్పిన 300 ఏసీ గదిలో, 25 డిగ్రీల దగ్గర, సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య విశ్రాంతి ఇచ్చి వచ్చిన అంకె. మేమూ అలాగే చేసేవాళ్లం, దాచేదేముంది.

ఐదు సెట్లు అయితే గంటకోసారి వంతు. ఎగరడం, మార్చడం పోను 48 నిమిషాలు మిగులుతాయి. పదిహేను నిమిషాలు నీడలో, టేబుల్ ఫ్యాన్ ముందు నిలబెట్టి 40 డిగ్రీల లోపుకు రానివ్వండి, మిగిలిన అరగంట పైచిలుకులో 1.5సితో ఎక్కుతుంది. ఏడు సెట్లు ఉంటే 1సి చాలు, అది ఇంకా మంచిది, కానీ పెట్టుబడి నాకు తెలుసు. కొత్త ప్యాక్‌లు కొనడానికి డబ్బు లేకపోతే రోజుకు ఎకరాలు తగ్గించుకోండి, లేదా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆపేయండి, ఎటూ ఆ ఎండలో మందు ఆవిరై పోతుంది. తడి గోనె మీద పెట్టి చల్లార్చడం కొందరు చేస్తారు, కనెక్టర్లలోకి నీళ్లు దిగితే అదో కొత్త తలనొప్పి, వద్దు. చార్జర్‌లో ఎండ్ వోల్టేజ్ 4.15కి తగ్గించే వీలుంటే తగ్గించండి, ఫ్లైట్‌లో అర నిమిషం పోతుంది, కాథోడ్ వైపు గోల చాలా తగ్గుతుంది. దిగాక కాసేపు ఆగి చూస్తే సెల్‌కు 3.65 కంటే తక్కువ కనిపించకూడదు, కనిపిస్తే మీరు మరీ చివరిదాకా లాగుతున్నట్టు.

రాత్రే అన్నీ ఫుల్ చేసి పొద్దున తీసుకెళ్లే అలవాటు మానండి. పొద్దున ముందు ఎగిరేవి రెండు సెట్లు తెల్లవారుజామున ఫుల్ చేసుకుంటే చాలు. సీజన్ అయిపోయాక మీరు రాసినట్టు ఫుల్ చార్జ్‌తో రేకుల షెడ్‌లో మూడు నెలలు ఉంచడం అంటే ఒక్క ఫ్లైట్ కూడా లేకుండా బ్యాటరీని వాడేసినట్టే. చార్జర్‌లో స్టోరేజ్ అని మోడ్ ఉంటుంది, సెల్‌కు 3.8, 3.85 దగ్గర ఆపుతుంది, అది పెట్టి ఇంట్లో చల్లగా ఉండే గదిలో, బీరువా పక్కన కాకుండా సిమెంటు గచ్చు మీద ఉంచండి. పది డిగ్రీలు పెరిగితే ఈ పాడు రియాక్షన్ల వేగం దాదాపు రెట్టింపు అవుతుందని మోటు లెక్క ఒకటి ఉంది, అన్నివేళలా నిజం కాకపోయినా పనికొస్తుంది. నెలకోసారి వోల్టేజ్ చూడండి. మరీ ఖాళీగా కూడా వదలొద్దు. సెల్ రెండు వోల్టుల కంటే బాగా కిందికి జారితే ఆనోడ్ వైపు రాగి రేకే కరగడం మొదలవుతుంది, మళ్లీ చార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ చేస్తుంది. సున్నాకు పోయిన ప్యాక్‌ను వేరే బ్యాటరీతో తగిలించి లేపే వీడియోలు చాలా ఉన్నాయి, అవి చూసి మురిసిపోకండి. లేచిన ప్యాక్ ఏ రాత్రి ఏం చేస్తుందో చెప్పలేం.

సెమీ సాలిడ్ అని కొత్తగా అమ్ముతున్నవి కొనమంటారా అని చివర్లో అడిగారు. అందులో ద్రవం తక్కువ, బరువుకు ఎనర్జీ ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ మ్యాపింగ్ డ్రోన్ లాగా నిదానంగా, ఎక్కువసేపు ఎగిరే వాటికి అవి సరిపోయినంతగా మీ పనికి సరిపోవు. అయాన్లు నడిచే దారి జిగటగా ఉన్నప్పుడు 90 ఆంపియర్లు లాగితే వోల్టేజ్ ఎక్కువ పడుతుంది, పైగా కొన్నింటి ఆనోడ్‌లో సిలికాన్ కలుపుతారు, సిలికాన్ గ్రాఫైట్ లాగా పది శాతం కాదు, పూర్తిగా నిండితే మూడు నాలుగు రెట్ల సైజుకు ఉబ్బుతుంది. మీగడ కథ గుర్తుందిగా. కొనాలనిపిస్తే డేటా షీట్‌లో 5సి డిశ్చార్జ్, 40 డిగ్రీల దగ్గర సైకిల్ కర్వ్ (సైకిళ్లతో కెపాసిటీ ఎలా తగ్గుతుందో చూపే గీత) అడగండి, చూపించకపోతే మామూలు లైపోలే ఇంకో రెండు సెట్లు తీసుకోండి.

మిగిలిన నాలుగు ప్యాక్‌ల గురించి ఇప్పుడే తీర్పు చెప్పలేను. ఫుల్ చార్జ్ చేసి, గంట ఆగి, చార్జర్‌లో ఒక్కో సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్, ఫ్లైట్ దిగిన వెంటనే ఒక్కో సెల్ వోల్టేజ్, ఈ రెండూ ప్యాక్ వారీగా రాసి పెట్టండి. అన్ని సెల్స్ కలిసికట్టుగా పడిపోయి ఉంటే అది వయసు, వేడి. మధ్యలో ఉన్న మూడు నాలుగు సెల్స్ మాత్రమే వెనకబడి ఉంటే వేడి బయటికి పోవడం లేదు, ప్యాక్ కూర్చునే గూడులో గాలి ఆడేలా చూడాలి. అలా కాకుండా ఒకే ఒక్క సెల్, అదీ ఏదో ఒక ప్యాక్‌లోనే, 0.1 వోల్టు కంటే ఎక్కువ తేడాతో కింద ఉంటే అది తయారీలో వచ్చిన లోపం, అప్పుడు బిల్లు పట్టుకుని అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లండి. అంకెలు ఇక్కడ పెట్టండి, ఆదివారం కూర్చుని చూస్తాను.